ఆకుతోటకు మందు

తిరుత్తణికి మూడు మైళ్ళ దూరంలో అలిమేలమ్మకు నలభై సెంట్ల తమలపాకు తోట ఉండేది. మొగుడు అరక్కోణం రైల్వే షెడ్డులో పనిచేస్తా వారానికొకసారి వచ్చిపోయేవాడు. అవిసె చెట్లకు తీగ కట్టడం, నీళ్ళు పెట్టడం, ఆకు గిల్లి కట్టలు కట్టడం, అంతా ఆమే. గట్టుకు అవతల అంతే తోట మరిది ద్వారకనాథ్‌ది.

యాభై ఏడో సంవత్సరం తొలకరికి, తమిళ ఆని నెలలో రెండు తోటలకూ పురుగు తగిలింది. నువ్వుగింజంత ఉంటుంది, ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. పీల్చిన చోటల్లా నల్ల మచ్చ. వారం తిరిగేసరికి ఆకు ముడుచుకుపోయేది. ఆకు కొనే గోవిందస్వామి కట్ట విప్పి చూసి, "దీన్ని మేక కూడా ముట్టదక్కా" అని వెనక్కిచ్చేసినాడు.

ద్వారకనాథ్ సైకిలెక్కి పోయి, వరిచేలకు చల్లే తెల్లపొడి సంచీడు తెచ్చినాడు.

"సగం నువ్వు తీసుకో వదినా. రెండు దినాల్లో ఒక్క పురుగు మిగల్దు."

అలిమేలమ్మ వాసన చూసింది. మలేరియావాళ్ళు ఇంటి గోడలకు కొట్టిపోయిన మందు వాసనే అది.

"వడ్లకు పొట్టుంది. దంచుతాం, కడుగుతాం, ఉడకేస్తాం. మన ఆకు తీగ మీద నుంచి తిన్నగా నోట్లోకే పోతుంది కదప్పా" అనింది.

"తినేవాడు తుడుచుకుని తింటాడులే. ఊరందరి గురించీ నువ్వు యోచన చేస్తా కూర్చుంటే తోట దక్కుతుందా?"

అయినా ఆమె చెయ్యి ఆ సంచీ మీదికి పోలేదు. ఆయన తన తోటకు చల్లుకున్నాడు. పురుగు నిజంగానే రాలిపోయింది.

మరుసటి దినం ఆమె తిరుత్తణిలో వ్యవసాయ డిపోకు పోయింది. అక్కడ వరదన్ అని ముప్పై ఏండ్ల ఆఫీసరు, తమిళం కలిసిన తెలుగులో మెత్తగా మాట్లాడతాడు. పుస్తకం తిరగేసి, "వరికి ఉంది, వేరుశనగకు ఉంది, చెరుకుకు ఉంది. వెత్తలకు, అదే మీ తమలపాకుకు, ఏమీ రాయలేదమ్మా. తక్కువమంది వేసే పైరు కదా" అన్నాడు.

"తక్కువమందిమైతే పురుగు మమ్మల్ని వదిలిపెడుతుందా అయ్యా?"

వరదన్ నవ్వబోయి ఆగిపోయినాడు. ఆయన పెదాలు ఎర్రగా ఉన్నాయి. అది చూసి ఆమె ఒడిలోంచి ఒక ఆకు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరూ వేసుకుంటారు మాదిరి ఉంది. వరి పొడి చల్లి తెస్తే వేసుకుంటారా?"

ఆయన ఆ ఆకును తిప్పి అడుగు వైపు చూసినాడు. "వేసుకోను" అన్నాడు. "పరిశోధన చేసేవాళ్ళకు రాస్తాను. కొంచెం టైము ఇవ్వమ్మా."

జవాబు రావడానికి పదిహేడు దినాలు పట్టింది. అంతలో ఆమె తోట సగం ఎండిపోయింది. రోజూ తెల్లారి లేచి ఆకులు తిప్పి పురుగులను వేళ్ళతో నలిపేది. నడుము పట్టేసేది. గట్టు అవతల మరిది పొడి చల్లి అమ్ముకునే ఆకు నిగనిగలాడతా ఉంటే, నాదే మూర్ఖత్వమేమో అని ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలీదు.

పద్దెనిమిదో దినం వరదన్ బస్సు దిగినాడు, చేతిలో ఇత్తడి పంపుతో. పొగాకు కాడలు నానబెట్టి, ఉడికించి, బట్టల సబ్బు కరిగించి కలపడం దగ్గరుండి చూపించినాడు.

"ఇదీ విషమేనమ్మా. ముక్కుకు గుడ్డ కట్టుకో. కొట్టినాక పది దినాలు ఒక్క ఆకు కూడా గిల్లొద్దు. ఆ తర్వాతైనా కడిగి అమ్ము."

ఆమె రెండు తడవలు కొట్టింది. పురుగు పూర్తిగా పోలేదు గానీ, తగ్గింది. కొత్త చిగుళ్ళు మచ్చ లేకుండా వచ్చినాయి. ఆ సీజనులో ఆమెకు దక్కింది మూడోవంతు పంటే.

రెండు నెలలకు, ఆవణిలో, ద్వారకనాథ్ కూతురికి నిశ్చితార్థం కుదిరింది. ముందురోజు సాయంత్రం ఆయన గట్టు దాటి వచ్చి, అవిసె చెట్టు పట్టుకుని నిలబడినాడు.

"వదినా, తాంబూలాలకు ఆరు కట్టలు కావల్ల."

"నీ తోటలో నిండా ఉంది కదప్పా?"

ఆయన తలెత్తలేదు. "వచ్చేది వియ్యాలవారు. మన బిడ్డ కూడా వేసుకుంటుంది."

ఎంతమాటైనా అనడానికి ఆమెకు అదే అదును. ఇన్నాళ్ళూ ఆ ఆకు తిన్నది ఎవరి బిడ్డలని అడగొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ మరిది మొహం చూసినాక, ఆ ప్రశ్న ఆయన అప్పటికే తనను తాను అడుక్కున్నాడని అర్థమయింది. బుట్ట తీసుకుని తోట లోపలికి నడిచింది. ఇద్దరూ చెరొక వరుస పట్టి చీకటి పడేదాకా ఆకు గిల్లినారు.

శుభకార్యం అయిన నాలుగో దినం ద్వారకనాథ్ గంపెడు పొగాకు కాడలతో వచ్చినాడు. మళ్ళా కనిపించిన పురుగుకు ఇద్దరూ కలిసి కషాయం కాచి రెండు తోటలకూ కొట్టినారు. ఆ ఆవిరికి ఆయనకు కళ్ళు తిరిగి, గట్టు మీద కూలబడి కక్కుకున్నాడు. ఆమె మజ్జిగ తాపించింది.

మందు కొట్టిన ఆరో దినం గోవిందస్వామి బండి తోలుకుని వచ్చినాడు. ఆకు పక్వానికొచ్చి ఉంది. మద్రాసులో ధర బాగుందన్నాడు. అలిమేలమ్మ మరిది వైపు చూసింది.

"పది దినాలు నిండేకి ఇంకా నాలుగు దినాలుండాది" అన్నాడు ద్వారకనాథ్. "అప్పుడు రా సామీ."

గోవిందస్వామి గొణుక్కుంటా బండి తిప్పుకున్నాడు.