నలుగురు మనుషులు, ఒక వంటమనిషి

అండమాన్‌కి కందిపొడి వేయిస్తున్నాను. పప్పు ఎర్రబడే దాకా పొయ్యి దగ్గర నుంచి కదలకుండా తిప్పాలి, కాస్త ఏమరితే అడుగున మాడిపోతుంది. మా అత్తగారు సుశీలమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, దీవికి పోవాల్సిన సామాను ఒక్కొక్కటే గుర్తు చేస్తోంది. రాగిపిండి కట్టావా అంది, కట్టాను. ఊరమిరపకాయలు, గోంగూర పచ్చడి, చింతపండు అంది, అన్నీ కట్టాను. "ఆడి నీళ్ళకి మన పప్పు ఉడుకుతాదో లేదో, చిన్న కుక్కర్ కూడా పెట్టుకో" అంది. కుక్కర్ పెట్టడానికి నా రెండు చీరలు బయటికి తీశాను.

మాది మార్కాపురం. మా ఆయన నరేష్‌కి రెండు టూరిస్టు బస్సులున్నాయి. తిరుపతి, శ్రీశైలం, రామేశ్వరం, కాశీ, జనం ఎటు పోతామంటే అటు తిప్పుతాడు. ఆఫీసంటే మా ఇంటి ముందు గదే. అందులో ఒక బల్ల, ఒక ఫోను, నేను ఉంటాం. సీట్లు రాసేది నేనే. కిటికీ పక్క సీటు కోసం అలిగిన వదినా మరదళ్ళకి సర్ది చెప్పేది నేనే. బస్సు ఆలస్యమైతే తిట్లు తినేది కూడా నేనే. జీతం అనే మాట ఆ గదిలో డ్రైవర్ల నోటే విన్నాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి "ఓనరు లేడామ్మా?" అని అడుగుతారు. వస్తాడు కూర్చోండి అని, లోపలికి పోయి వాళ్ళకి టీ పెట్టుకొస్తాను.

ఈ ఏడు కార్తీకమాసం టూర్లు బాగా నడిచాయి. ఒకరోజు అన్నం తింటూ నరేష్, "ఎప్పుడూ ఊళ్ళో జనాన్ని తిప్పేదేనా, మనం కూడా ఒకసారి ఎక్కడికన్నా పోదాం. నువ్వే చెప్పు" అన్నాడు. కూరేం చేయమంటారు అని నేను అడగడమే గానీ, ఎక్కడికి పోదామని నన్ను ఎవరూ అడిగింది లేదు. వడ్డించే గరిటె పట్టుకుని అలాగే నిలబడి, ఏదైనా దీవికి పోదామన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. వేసవి వస్తే ట్యాంకరు హారన్ కోసం చెవులు రిక్కించుకుని బతికే ఊరు మాది. చుట్టూ నీళ్ళున్న చోటు అంటే మనసు లాగి ఉంటుంది.

అండమాన్ అని తేలాక ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అందరూ నీలం నీళ్ళని, తెల్ల ఇసుకని చూపిస్తారు. నా కన్ను మాత్రం పళ్ళెం మీదే ఉండేది. కొబ్బరిపాలలో ఉడికించిన పీతలు, అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప, అప్పుడే కొట్టిన బొండాం. దినుసులు ఏమిటా, ఎలా వండుతారా అని మొదట చూశాను. తరవాత అది కూడా మానేశాను. ఎలా వండితే నాకెందుకు? ఎవరో వండాలి, వేడివేడిగా తెచ్చి నా ముందు పెట్టాలి, ఇంకొంచెం వేయమంటారా అని అడగాలి. నేను కాసేపు ఆలోచించి, ఇక చాలండీ అనాలి. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను గొంతెమ్మ కోరిక కోరింది ఇదొక్కటే.

ముందు సముద్రం ఒడ్డున హోటలు అనుకున్నాం. రెండు రోజులకే అది మారిపోయింది. నాయనకి బయటి నూనె పడదన్నాడు నరేష్. మా మామగారు వెంకటేశ్వర్లుకి రాత్రి పూట సంగటి ముద్ద కడుపులో పడకపోతే నిద్ర రాదు. అత్తగారికి సముద్రపు చేపల వాసన గిట్టదు. కాబట్టి వంటగది ఉన్న కాటేజీ అయితే మేలని తీర్మానం జరిగింది. "పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పొయ్యి ముట్టిస్తే అయిపాయె, మిగతా టైమంతా నీదే" అన్నాడు నరేష్, తన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. ఇంటర్ చదివే మా అమ్మాయి వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేసి, అమ్మా నాకు అక్కడ కూడా నీ దోశలే కావాలంది. ప్రేమగానే అంది. ఈ ఇంట్లో నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టిన వాళ్ళంతా ప్రేమగానే నిలబెట్టారు. అప్పుడు నాకు బాధ వేసిందా అంటే, వేయలేదు. తిమ్మిరెక్కిన కాలిని ఎవరు తొక్కినా తెలియదు కదా, అలా ఉంది. మినప్పప్పు కూడా ఒక సంచిలో పోశాను.

కందిపొడి చల్లారబెట్టి ఆఫీసు గదిలోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. అవతల ఒక ఆడగొంతు. "మార్కాపురం ట్రావెల్స్ ఆఫీసేనాండి? అండమాన్ నుంచి రూబీనండి, కాటేజీ మాదే" అంది. తెలుగు విని ఆశ్చర్యపోతే నవ్వి, మా తాతలు శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చేశారని చెప్పింది. మీరెవరు అని ఆమె అడిగింది. ఆ ఫోను ఎత్తితే నా నోటికి ఒకటే మాట వస్తుంది. ఆఫీసు నుంచే మాట్లాడుతున్నానండీ అన్నాను.

"నరేష్ గారు మనుషులు నలుగురు, వంటమనిషి ఒకరు అన్నారు. గదులు రెండూ సిద్ధంగానే ఉన్నాయి. వంటవాళ్ళకి మేం ఏమీ తీసుకోమండి, వంటగది పక్కన చాప, దుప్పటి ఇస్తాం. ఇంకొకటి, మీవాళ్ళు దిగిన రోజు సాయంత్రం ఒడ్డున మా అత్త కట్టెల మీద చేప కాలుస్తుంది, పీతల కూర వండుతుంది. వచ్చినవాళ్ళకి మొదటి భోజనం మా చేతి మీదుగానే పెడతాం. నాలుగు ఆకులు వేయమన్నారు, అంతేనా అని కనుక్కుందామని చేశాను."

నలుగురు ఎవరా అని లెక్క వేసుకున్నాను. మామగారు, అత్తగారు, నరేష్, అమ్మాయి. వేలు మడిచి మళ్ళీ మొదటి నుంచి చూశాను. మళ్ళీ నలుగురే వచ్చారు. విమానంలో వంటమనిషి అని వేరే లెక్క లేదు కాబట్టి అక్కడ నాకు సీటు దొరికింది. దీవిలో దిగాక లేదు. చేపంటే ముక్కు మూసుకునే అత్తగారికి ఆకు ఉంది. నాకు లేదు. కనుక్కుని చెబుతానండీ అని ఫోను పెట్టేశాను. ఆ కాసేపట్లోనే ఎవరో వచ్చి శ్రీశైలానికి మూడు సీట్లు అడిగితే రాసుకున్నాను కూడా. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

మా టూర్లలో డ్రైవరుకి, వంటమనిషికి సీటు రాయం. అది మొదటి నుంచి ఉన్న పద్ధతి. పోలమ్మ అనే ఆమె మా బస్సుల్లో వంటకి పోతుంది. బియ్యం బస్తాల పక్కనే పడుకుంటుంది. జనం దర్శనానికి పోతే సత్రం వెనక పొయ్యి ముట్టిస్తుంది, అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. రామేశ్వరం నుంచి వచ్చినప్పుడు ఒకసారి సముద్రం ఎలా ఉందని అడిగాను. "నేనాడ చూసినానమ్మా? పొయ్యి ముందు కూర్చున్నోళ్ళకి రామేశ్వరమైనా ఒకటే, మన రాయవరమైనా ఒకటే" అంది. ఆమెకి కనీసం దిగగానే కూలి చేతిలో పెడతాం. పోలమ్మ మాట తలచుకుని సీట్ల పుస్తకం మూసేశాను. చాలా రోజుల తరవాత నాకు కోపం వచ్చిందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

మధ్యాహ్నం నరేష్ భోజనానికి వచ్చాడు. అతనికి, అత్తమామలకి వడ్డించి, రూబీ ఫోను చేసిన సంగతి చెప్పాను. అతను కాస్త కూడా తడబడలేదు.

"ఓ అదా, లెక్క కోసం అట్ల చెప్పినాను. వంటోళ్ళకి సీటు రాయం కదా, నోటికి అలవాటైపోయింది. నువ్వు పడుకునేది నా గదిలోనే కదా. దీనికేంది, మొహం అట్ల పెట్టినావు?"

"మరి నా ఆకు?" అన్నాను.

"ఏ ఆకు?"

"ఒడ్డున భోజనానికి నాలుగు ఆకులు చెప్పారంట."

పప్పు కలుపుకుంటూ ఒక్క నిమిషం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నా కోసమే. దారి దొరికినట్టు మొహం విప్పారింది. "అమ్మ ఎట్లాగూ చేప ముట్టదు. అమ్మ ఆకులో నువ్వు తిను" అన్నాడు. అత్తగారు కూడా, అవును, నేను పచ్చడి మెతుకులు తింటాలే, నాకు రెండు ముద్దలు ముందే వండిపెట్టు అంది. మామగారు మజ్జిగ కోసం గ్లాసు జరిపారు. అక్కడితో ఆ సంగతి తేలిపోయిందని ముగ్గురూ అనుకున్నారు. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. వీళ్ళు చెడ్డవాళ్ళయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మొహం దొరికేది అనిపించింది.

మామగారికి మజ్జిగ పోశాను. చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకున్నాను. మంచం కింద నుంచి సంచి లాగి కుక్కర్ తీశాను, రాగిపిండి తీశాను, ఊరమిరపకాయలు, మినప్పప్పు, చింతపండు, పొద్దున వేయించిన కందిపొడి, అన్నీ తీసి వంటింటి గట్టు మీద వరసగా పెట్టాను. అత్తగారు ఏందే అది అంది. ముందు గదిలోంచి ఫోను తెచ్చుకుని, వాళ్ళు తింటున్న చోటే నిలబడి రూబీకి చేశాను.

"రూబీ గారూ, నలుగురు కాదండీ, మనుషులం అయిదుగురం వస్తున్నాం. అయిదు ఆకులు వేయించండి. ఉన్నన్ని రోజులూ మూడు పూటలా మీ చేతి వంటే తింటాం. పెద్దాయనకి కాస్త నూనె తగ్గిస్తే చాలు. మా వంటమనిషి రావడం లేదు."

నరేష్ ముద్ద చేతిలో పట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"అయ్యో, ఏమైందమ్మా ఆమెకి? ఒంట్లో బాగాలేదా?" అంది రూబీ.

"బాగానే ఉందండీ. మానేసింది" అన్నాను.