మూడు దగ్గులు

పిల్‌నామ్ అంటే 'వచ్చేసారి ఖాయంగా మగపిల్లాడే' అని అర్థం. తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టిందని తాతగారు ముఖం ముడుచుకుని పెట్టిన పేరు. తర్వాత తమ్ముడు జేగ్యూ పుట్టాడు గనక పేరు తన పని తాను చేసిందనే అనుకోవాలి.

అరవై రెండేళ్లు ఆ పేరు మోసిన మనిషి, కొరియాలోని యోంగ్‌జులో తండ్రి తొలి సంవత్సరీకానికి కర్తగా మొదటి గిన్నె మద్యం తనే సమర్పిస్తానంది. గాలికి అన్న మాట కాదు. కర్త కొడుకే కానక్కర్లేదు, పిల్లల్లో పెద్దవాళ్లెవరైతే వాళ్లేనని సుప్రీంకోర్టు ఆ వసంతంలోనే చెప్పింది. ఆమె కళ్లముందే ఇలాంటి తీర్పులు ఎన్నో వచ్చాయి. ఒకే వంశంవాళ్లు పెళ్లాడకూడదన్న చట్టం చెల్లదన్న ఏడాది, ఆమె స్నేహితురాలు పన్నెండేళ్ల కాపురాన్ని అప్పుడు రిజిస్టరు చేయించుకుంది. కూతుళ్లూ వంశసంఘంలో సభ్యులేనన్నది మరో తీర్పు. అయినవాళ్ల చీవాట్లు తింటూ కోర్టు మెట్లెక్కిన ఆ ఆడవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

బాబాయికి మాత్రం ఇది మింగుడుపడలేదు. ఎనభై ఒక్కేళ్ల ఆయన పూజాక్రమంలో ఒక అక్షరం తప్పినా ఊరుకునే రకం కాదు. నాకెందుకు, అక్కే చేస్తుందని జేగ్యూ మొత్తుకున్నా వినలేదు.

“కోర్టు హక్కిచ్చింది, సరేనమ్మా. పద్ధతి కూడా నేర్పిందా? ఒక్కచోట తప్పావో, గిన్నె తమ్ముడికిచ్చెయ్యాలి.”

పిల్‌నామ్ ఒప్పుకుంది. నలభై ఏళ్లు వంటింటి తలుపు సందులోంచి ఆ క్రమమంతా చూసిన మనిషి ఆమె. లోపల ఎవరు ఎప్పుడు వంగారో తెలియకపోతే ముల్లంగి చారు వేడిగా ఎలా పంపుతుంది? మగవాళ్లు ఏడాదికోసారి కాగితం చూసుకుని గుర్తుచేసుకునేది ఆమెకు వేళ్లమీద ఉంది.

సాయంత్రం అందరూ చేరారు. ఆమె ధూపం వెలిగించి, గిన్నెను పొగమీద మూడుసార్లు తిప్పి బల్లమీద పెట్టి సాగిలపడింది. అన్నంలో చెంచా నిలబెట్టింది. బాబాయి కళ్లజోడు సవరించుకుని మరీ వెతికాడు. తప్పు దొరకలేదు.

తర్వాత అందరూ బయటికొచ్చి తలుపు మూశారు. లోపల పోయినాయన భోంచేస్తాడు. తొమ్మిది ముద్దలు తినేంతసేపు ఆగి, కర్త మూడుసార్లు దగ్గి తలుపు తీయాలి. బాబాయికి మోకాళ్ల నొప్పులు. కాసేపయ్యాక అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని తలుపుమీద చెయ్యి వేశాడు.

“కాస్త ఆగండి బాబాయ్,” అంది పిల్‌నామ్ మెల్లగా. “నాన్నకి పళ్లు లేవు కదా. నిదానంగా తింటారు.”

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆఖరి మూడేళ్లు అన్నగారికి గంజి పట్టిందెవరో ఆయనకు తెలుసు. తను పండగకో పబ్బానికో వచ్చి చూసిపోయిన సంగతీ తెలుసు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపల తింటున్న అన్నకోసం అందరూ మరికొంతసేపు నిలబడ్డారు.

“తినేసుంటాడులే,” అన్నాడు చివరికి, తలుపు దగ్గర్నించి పక్కకి జరిగి. “దగ్గు తల్లీ. నువ్వే దగ్గాలి.”

పిల్‌నామ్ నోరు తెరిచింది. ఏడుపు అడ్డుపడి దగ్గు రాలేదు. బాబాయి ఆమె వీపుమీద నెమ్మదిగా నిమిరాడు. అప్పుడామె మూడుసార్లు దగ్గి, తలుపు తీసింది.