కళాయి గుంట బురద

అబ్దుల్ మజీద్ గురజాలలో ఇరవై ఏళ్లుగా రాగి, ఇత్తడి బిందెలకు కళాయి పూసేవాడు. పూసే ముందు వాటిని గంధకామ్లంతో తోమి, ఆ నీళ్లు దొడ్లో గుంటలో పోసేవాడు. గుంట అడుగున బంకమట్టి, పైన కుళ్లిన వేపాకు. మట్టి బొగ్గులా నల్లబడి, మురిగిన గుడ్ల వాసన కొట్టేది. పక్కనే ఉన్న చేదబావి నీళ్లకు మాత్రం ఎప్పుడూ చిలుము రుచి రాలేదు.

1946 వేసవిలో పక్క పొలం రైతు త్రికోటేశ్వరరావు ఆ మట్టిని చూసి మంచి ఎరువనుకున్నాడు. మజీద్ వద్దన్నాడు. ఆ గుంటలో పడిన వెండి పట్టీ ఒక్కరోజులో నల్లబడిందని చెప్పాడు. తాను నాటేది మిరప గాని పట్టీలు కాదని చెప్పి, త్రికోటేశ్వరరావు పదకొండు బండ్లు తోలించాడు.

ఎండకు ఆ మట్టి తుప్పు రంగుకు తిరిగింది. వానలు పడ్డాక చాళ్లలో నిలిచిన నీళ్లు లేత నీలంగా కనిపించాయి. నాటిన నారు నాలుగు రోజుల్లో మాడిపోయింది. మజీద్ ఏదో చేతబడి చేయించాడని త్రికోటేశ్వరరావు ఊరంతా చెప్పాడు. కళాయికి బిందెలు రావటం ఆగిపోయింది. మజీద్ గుంట మట్టి ఒక డబ్బాలో, పొలం మట్టి ఒక డబ్బాలో వేసుకుని మిషన్ బడి సైన్సు మాస్టారు ఏసయ్య దగ్గరికి పోయాడు.

ఏసయ్య త్రికోటేశ్వరరావును కూడా పిలిపించాడు. గుంట మట్టి మీద యాసిడ్ చుక్క వేస్తే ముగ్గురూ ముక్కులు మూసుకున్నారు. పొలం మట్టి కలిపి తేర్చిన నీళ్లలో ఇనప మేకు ముంచితే, కాసేపటికి దానికి రాగి పూత పట్టింది.

"గుంటలో గాలాడదు. ఆ కుళ్లులో పుట్టిన గంధకం రాగిని పట్టుకుని బంకమట్టిలో బిగించేసింది. బావి బాగున్నది అందుకే. మీరు గాలికి ఆరబోశారు, పట్టు వదిలి రాగి నీళ్లలోకి దిగింది," అన్నాడు ఏసయ్య.

"ఇప్పుడేం చెయ్యాల?" అన్నాడు త్రికోటేశ్వరరావు, మేకు మీద నుంచి చూపు తిప్పకుండా.

"తీసినచోటే పోసి, నీళ్లు నిలపండి."

పై మట్టి గీకి మళ్లీ గుంటకు తోలటానికి వారం పట్టింది. మజీద్ కూడా పార పట్టాడు. మిగిలిన నేలలో పిడుగురాళ్ల సున్నం చల్లారు. ఆ ఏడు మిరప రాలేదు.

త్రికోటేశ్వరరావు తప్పయిందని అనలేదు. ఇంట్లోని బిందెలన్నీ కళాయికి పంపించాడు. వాటిలో రెండింటికి కళాయి బాగానే ఉంది. మజీద్ ఆ రెండూ తిప్పి పంపాడు.