వెదురు తెర

సుభద్రమ్మ రేపు మధ్యాహ్నం విమానానికి ఊరెళ్ళాలి. ఈలోగా చిన్నకోడలు ప్రసన్నలక్ష్మి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. పెద్దకొడుకు సుధాకరరావు రెండో కొడుకు అభిరామ్‌ని, మగపిల్లలు లేని చిన్నకొడుకు ఉపేంద్రకి దత్తత ఇచ్చేందుకు ఒప్పుకోలు కాగితం అది. భార్య ఒప్పుకోనిదే దత్తత చెల్లదని వకీలు తేల్చి చెప్పాడు.

ప్రసన్నలక్ష్మికి ఏడేళ్ళ నిఖిల ఒక్కతే. ఇక కాన్పు వద్దని డాక్టరమ్మ చెప్పిన రోజునుంచీ ఆమెకు గుండెదడే. స్టవ్ ఆపానో లేదోనని మూడేసిసార్లు చూసుకుంటుంది.

విదేశంలో ఉపేంద్ర కాపురముంటున్న ఈ సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో రెండు నెలలుగా అత్తాకోడళ్ళకు కుదిరిన పొత్తు ఒక్కటే, తెలుగు డబ్బింగ్ కొరియా రాజుల సీరియల్. ఇవాళ అందులో రాజు కొడుకుల్లేకుండా పోయాడు. పెద్దరాణి దాయాదుల పిల్లాణ్ణి తెచ్చి గద్దెనెక్కించింది.

"చూశావుటే! అంతటి రాజులకే తప్పలేదు, నువ్వెంత?" సుభద్రమ్మ పెన్ను అందించింది.

"తర్వాతేమైందో కూడా చూడాలి కదత్తయ్యా."

"నువ్వు వెళ్ళి చూసొచ్చావా ఏంటి?"

"పుస్తకంలో ఉంది."

ఉపేంద్ర ఫక్కున నవ్వాడు. "టెన్త్‌తో బడి మానేసినదానివి, ఇంగ్లీషు పుస్తకం చదివావా?"

"చదివింది మీ కూతురు. లైబ్రరీలో పక్కన కూచుని నేను విన్నానండీ."

నిఖిల తను గీస్తున్న బొమ్మలోంచి తలెత్తకుండానే, అక్కడి బడిపిల్లల యాసలో అంది, "సిక్స్ సాటర్‌డేస్ లా, నాన్నా!"

ప్రసన్నలక్ష్మి టీవీలోని పిల్లరాజు వైపు చెయ్యి చూపించి మాట సాగించింది. "పన్నెండేళ్ళ పిల్లాడు అత్తయ్యా. గద్దె వెనక వెదురు తెర కట్టించుకుని పెద్దరాణే కూచుని ఏలింది. ఆవిడ లేచాక కూడా పెత్తనం పిల్లాడికి రాలేదు. ఏళ్ళ తరబడి కన్నతండ్రిదే రాజ్యం. ఇక్కడ కన్నతండ్రి బావగారు. తెర వెనకెవరో నా నోటితో చెప్పించకండి."

"నోరు లేస్తోందే! రేపు నా కొడుక్కి తలకొరివి ఎవరు పెడతారు?"

"నిఖిల పెడుతుంది. ఆ పిల్లరాజుకు పన్నెండు వందల ఏళ్ళ ముందే ఆ దేశంలో కొడుకుల్లేని రాజు తర్వాత కూతురు గద్దెనెక్కింది. ఆడది ఏలలేదని కొందరు కత్తులు దూశారు. అయినా పదిహేనేళ్ళు ఏలింది. ఆవిడ తర్వాత ఎక్కిందీ ఆడదే."

"లక్ష్మీ, ఇంక చాల్లే," అన్నాడు ఉపేంద్ర.

ఆమె పెన్ను తీసుకుంది. సుభద్రమ్మ మొహం విప్పారింది. ప్రసన్నలక్ష్మి కాగితం మీద వంగి, గుండ్రని అక్షరాలతో 'ఒప్పుకోను' అని రాసి, కింద ఇంటిపేరుతో సహా సంతకం చేసింది.

సుభద్రమ్మ ఆ కాగితం ముట్టుకోలేదు. ఉపేంద్ర దాన్ని చదివి, ఇంకోసారి చదివి, బల్ల మీద పెట్టాడు. ప్రసన్నలక్ష్మే దాన్ని నాలుగు మడతలు పెట్టి, అత్తగారి సూట్‌కేసు పై అరలో దోపి జిప్పు లాగింది.

"మర్చిపోతారేమోనని, అత్తయ్యా," అంది.

తర్వాత వెళ్ళి స్టవ్ ఇంకోసారి చూసుకుంది.