కోటమ్మ ఎదురు

గుడివాడలో బియ్యం మిల్లు గుమాస్తా శేషగిరికి పిల్లల్లేరు. తల్లీతండ్రీ పోయిన మేనల్లుడు హేమంత్‌ను ఆయనా, భార్య కోటమ్మా తెచ్చి పెంచుకున్నారు. ధాన్యం ఎండబోయని రోజుల్లో మిల్లు వెనక సిమెంటు కళ్లం మీద వాడికి చక్రాల బూట్లు కట్టి వదిలింది ఆయనే. ఆ బూట్ల మీద జారుతూ కర్రతో బిళ్లను కొట్టే హాకీ అక్కడి ఆట. పిల్లలంతా గోలు కొట్టాలని ఎగబడితే, వీడు మాత్రం గోలు ముందు దున్నపోతులా అడ్డం నిలబడేవాడు.

"గోలు కొట్టడం రాదేంట్రా నీకు?" అని కోటమ్మ వేళాకోళం చేస్తే, "కొట్టనివ్వడం రాదత్తా" అనేవాడు.

శేషగిరి పోయేనాటికి వాడికి పద్నాలుగేళ్లు. నెల తిరక్కుండానే బందరులో పోటీలు. వాడు బ్యాగు తగిలించుకోగానే గుమ్మంలోకి రాబోయిన కోటమ్మను పక్కింటి పాపాయమ్మ చెయ్యి పట్టి లాగింది.

"నీకు మతుందా? ఈ మొహంతో పిల్లాడికి ఎదురెళ్తావా?"

కోటమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు వాడి జట్టు గెలిచింది. అంతే, తను ఎదురు రాకూడదన్న నమ్మకం కోటమ్మలో మేకులా దిగిపోయింది. లడఖ్‌లో గడ్డకట్టిన చెరువు మీద అదే ఆట మొదటిసారి ఆడటానికి వెళ్లినప్పుడూ, దేశం జట్టులో చేరినప్పుడూ, రుమేనియాలో ఒక క్లబ్బు జీతమిచ్చి డిఫెన్స్‌లో పెట్టుకున్నప్పుడూ ఆవిడ వంటింటి కిటికీలోంచి వాడి వీపే చూసింది.

అక్కడ నాలుగు శీతాకాలాలు ఆడాడు. డిఫెన్స్ అంటే మీదికి దూసుకొచ్చేవాణ్ణి ఒంటితో ఆపడం, గోడకేసి నొక్కడం. గోలు కొట్టినవాడికి చప్పట్లు, ఆపినవాడికి దెబ్బలు. మూడోసారి మంచు మీద తెలివితప్పి పడ్డాక ఇంటికి పంపారు. విజయవాడ డాక్టరు స్కానింగ్ చూసి, "తలకి ఇంకొక్క దెబ్బ తగిలితే మనిషి మిగలడు" అన్నాడు.

"ఇరవయ్యారేళ్లకే మూల కూర్చోమంటాడేంటత్తా? ఇది తప్ప నాకింకేం వచ్చు?" అని నవ్వేశాడు వాడు.

ఓ మధ్యాహ్నం టీ ఇస్తే అందుకుని, "మావయ్యకిచ్చావా?" అన్నాడు.

కోటమ్మ తన గ్లాసు కింద పెట్టి వాడి మొహంలోకి చూసింది. వాడు గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చూసి పాలిపోయాడు. "ఏదో పరాకు" అని గొణిగాడు. ఆ సాయంత్రమే, వస్తున్నానని క్లబ్బుకు ఫోన్ చేసేశాడు. కోటమ్మ బతిమాలింది, తిట్టింది, రెండు పూటలు అన్నం మానేసింది. వినలేదు.

బయల్దేరే ఉదయం గన్నవరం విమానాశ్రయానికి వెళ్లే కారు వచ్చింది. శకునానికని పాపాయమ్మ నిండుబిందెతో వీధిలో సిద్ధంగా ఉంది. కోటమ్మ పెరటి దారిన చుట్టూ తిరిగొచ్చి, బోసి నుదుటితో, ఉత్త చేతులతో గేటు ముందు నిలబడింది.

"అయ్యయ్యో, లోపలికి పోవే! వాడు బూట్లేసుకుంటున్నాడు!"

"తెలిసే వచ్చాను. నువ్వు పక్కకి తప్పుకో."

అపశకునమైతే ఎవరైనా వెనక్కి వెళ్లి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగుతారు. ఆ కాసేపట్లో విమానం వేళ దాటిపోవచ్చు. కాళ్లు పట్టుకునైనా ఆపచ్చు. అదీ ఆవిడ ఆశ.

హేమంత్ బయటికొచ్చి ఆవిణ్ణి చూసి ఆగిపోయాడు. మొహం చేటంతయింది.

"ఇన్నాళ్లకి ఎదురొచ్చావా అత్తా! ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసేవాణ్ణి, కనపడేదానివి కాదు. నేను వెళ్లడం నీకిష్టం లేదేమో అనుకునేవాణ్ణి." వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. "నువ్వే ఎదురొచ్చాక ఇంక నాకేం కాదులే."

ఆపడానికొచ్చాన్రా అందామనుకుంది. చెయ్యి మాత్రం వాడి తల నిమిరింది. వాడు ఆవిడ పక్కనుంచి తప్పుకుని కారెక్కాడు.

కారు మలుపు తిరిగాక పాపాయమ్మ బిందె దించింది. "ఎంత పని చేశావే కోటమ్మా!"

"ఏ పనీ చెయ్యలేకపోయానే" అంది కోటమ్మ.