పెట్టె మూత లోపలి బొమ్మ

వేపాకును నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పొడి పొడై కాగితాలకు అంటుకుంటుంది. వానలు మొదలయ్యే ముందు ప్రతి ఏడూ నాకు ఈ పని ఉంటుంది. చాప మీద ఆకు పరుస్తుంటే మా అత్తమ్మ ఇన్నమ్మ వంటింటి గడపలో నిలబడి అంటుంది, "బియ్యం డబ్బల ఎయ్యనీకి యాదికి రాదు గానీ, చెత్త కాగితాలకు మాత్రం మర్యాదలు మంచిగ చేస్తది." బియ్యంలోనూ నేనే వేస్తాను. ఇంకెవరు వేస్తారు? పురుగు పట్టనంత కాలం ఆ పని ఎవరి కంటికీ ఆనదు. ఒక్క పురుగు కనపడిందా, "మహిమా!" అని ఇల్లంతా నా పేరే.

అత్తమ్మ చెత్త అనేది నా చెక్కుడు బొమ్మల్ని. ఫోటోలు అచ్చు వేయడం రాని కాలంలో చెక్క దిమ్మ మీదో రాగిరేకు మీదో సన్నటి గీతలు చెక్కి, సిరా పూసి, కాగితం మీదికి దింపిన బొమ్మలవి. నేను భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. నేను కూడా చెక్కుతాను. భూతద్దం పెట్టి ఆ పాత గీతల్ని చూస్తుంటే, ఎప్పుడో పోయిన మనిషి పక్కన కూర్చుని నాకు పని నేర్పుతున్నట్టుంటుంది. అంత సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మా వైపు ఇవి ఎక్కువగా ఇనుప పెట్టెల్లో దొరుకుతాయి. వెనకటి రోజుల్లో కొత్త కోడలు పెట్టె పట్టుకుని అత్తవారింటికి వచ్చేది. మిషన్ బడి పుస్తకంలోదో, ఎవరో ఇచ్చిన పాత క్యాలెండరుదో, మనసుకు నచ్చిన బొమ్మనొకదాన్ని మూత లోపలి వైపు అన్నం మెతుకులతో అంటించుకునేది. ఇంటి గోడలన్నీ మామవి, మొగుడివి. మూత లోపల ఆ జానెడు చోటే ఆమెది. సెలవొస్తే ఇల్లందు బస్సో మణుగూరు బస్సో ఎక్కి, ముక్కూ మొహం తెలియని ముసలమ్మల దగ్గరికి పోయి, "అవ్వా, నీ పెట్టె మూత ఒకసారి తెరుస్తవా" అని అడిగే పిచ్చిదాన్ని నేను. తడిగుడ్డ పరిచి, జిగురు నానేదాకా వాళ్లతో కబుర్లు చెప్పి, నెమ్మదిగా ఊడదీస్తాను.

అలా మణుగూరు అవతలి అడవిపల్లెలో పుల్లమ్మవ్వ ఇచ్చింది, బావి దగ్గరి స్త్రీ బొమ్మ. బైబిలు కథలో దాహమడిగిన యేసు ముందు సమరయ స్త్రీ కుండ పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉంటుంది. కింది మూలన చెక్కినవాడి పేరు ఇంగ్లీషులో. పుల్లమ్మవ్వకు ఆ కథ తెలియదు. "నీళ్లు మోసే ఆడిమనిషి గదా బిడ్డా, తన లెక్కనే ఉన్నదని మా అమ్మ అంటించుకున్నది. తీస్కపో. ఇల్లు కురుస్తున్నది, నాకాడ ఉంటే ఖరాబైతది. నువ్వు మాత్రం పాడుగానియ్యకు" అంది. కానివ్వనని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను.

చెప్పి తెచ్చి ఎక్కడ పెట్టాను? మంచం కింద. సారపాకలో మాది కిరాయి ఇల్లు. తేమ తగలని గది వెనక ఒక్కటే ఉంది. అందులో మా ఆయన జోయెల్ క్యారమ్ బోర్డు, చెడిపోయిన కూలర్ కాపురముంటాయి. "నా పెట్టె అక్కడ పెట్టుకుంటా" అని ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం తియ్" అన్నాడు. జోయెల్‌కు ఊళ్లోని కాగితం మిల్లులో, క్వాలిటీ సెక్షన్‌లో ఉద్యోగం, పొద్దంతా కాగితం మందం కొలుస్తాడు. "లారీలకు లారీలు కాగితం నా చేతుల మీదికెల్లి పోతది, నువ్వేమో ముక్క కాగితం కోసం అడవులు వట్టుకొని తిరుగుతున్నవ్" అని నవ్వుతాడు. ఇంటికి ఎవరొచ్చినా ఈ జోకు వినాల్సిందే, నేను టీ పట్టుకొచ్చి నవ్వాల్సిందే.

ఆ బొమ్మ లోతు తెలియాలంటే దాన్ని నా చేత్తో మళ్లీ చెక్కాలనిపించింది. వంటయ్యాక, పిల్లల డ్రాయింగులు దిద్దాక, డైనింగ్ టేబుల్ మూలన కూర్చుని చెక్కాను. కూరగిన్నెకు జాగా కావాలని నా దిమ్మను ఎన్నిసార్లు కింద పెట్టారో లెక్కలేదు. పాత పాటల పుస్తకాల చివరన మిగిలిన, రంగు మారిన ఖాళీ పేజీల మీద అచ్చులు తీశాను. గీతకు గీత దింపాను గానీ ఒక్కచోట నా చెయ్యి మాట వినలేదు. ఆమె తల ఎత్తించాను. సువార్తలో ఆమె ఆయనకు ఎదురు ప్రశ్నలు వేస్తుంది. నేల చూపులు చూసే మనిషి అలా ఎలా అడుగుతుంది? పేరు ఉండాల్సిన మూలన చిన్న ఇప్పపువ్వు చెక్కి, ఆ అచ్చుల్ని కూడా పాతదాని పక్కనే పెట్టెలో పెట్టాను.

మొన్న ఆదివారం జోయెల్ పై అధికారి ప్రభాకర్ సార్ రిటైర్మెంట్ ఫంక్షన్. గిఫ్ట్ పేపర్ చుట్టిన ప్యాకెట్‌ని బండి మీద నా ఒళ్లోనే పెట్టుకుని వెళ్లాను. హాలు మెట్ల దగ్గర జోయెల్ గొప్పగా చెప్పాడు. "అండ్ల ఏముందో ఎరుకేనా? నీ బావికాడి బొమ్మ. లామినేషన్ చేయించి ఫ్రేమ్ కట్టించిన. ఇగ పురుగు లేదు, తేమ లేదు."

లామినేషన్ అంటే వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి దిగిపోవడం. ఇక ఊడదీయడం ఉండదు. పుల్లమ్మవ్వ గరుకు చెయ్యి గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది.

"నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదా?"

"మనింట్లదే గదా, అడిగేదేంది?" అని ప్యాకెట్ అందుకుని స్టేజీ ఎక్కాడు.

సార్ భార్య హైమ మేడమ్ కాగితం విప్పి ఆగిపోయింది. "ఈమె చూపు చూడండీ, ఎంత ధీమాగా చూస్తోందో!"

చూపా? పుల్లమ్మవ్వ ఇచ్చిన బొమ్మలో ఆమె కళ్లు కనపడవు. గబగబా స్టేజీ దాకా నడిచాను. మూలన ఇప్పపువ్వు ఉంది. అది నాది. పాతది ఇంట్లో చల్లగా ఉంది. గుండె కుదుటపడేలోపే ప్రభాకర్ సార్ అంటున్నారు, "ఇంత ఓపికైన పని ఇప్పుడెవరు చేస్తారండీ? ఆ చేతులే వేరు." జోయెల్ మైకు అందుకున్నాడు. "మా ముత్తాత కాలంది సార్. తరాల నుంచి మా ఇంట్లనే ఉన్నది."

అప్పుడొచ్చింది నాకు కోపం. చెక్కపొట్టు రాలుతుంటే నా పక్కనే కూర్చుని అన్నం తిన్న మనిషి. వేళ్లు తెగితే "గిదంత ఎందుకు నీకు" అన్న మనిషి. ఏది పాతదో, ఏది నేను చెక్కిందో అతనికి తెలియదు, తన ముత్తాతకు మాత్రం కట్టబెట్టగలిగాడు. నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చిన పనే. కానీ నేను తల ఎత్తించిన మనిషి ఎదురుగా నన్నే చూస్తుంటే, ఈసారి చేతకాలేదు.

"మేడమ్, అది పాతది కాదు. నేను చెక్కిన. మూలకు ఇప్పపువ్వు ఉంటది చూడండి, అది నా గుర్తు."

మేడమ్ వేలితో వెతికి పట్టుకుంది. "మీరా!" అని నా చేతులు పట్టుకుని, పెన్ను తీసి, "సంతకం పెట్టండి" అంది.

"ప్లాస్టిక్ మీద సంతకం నిలవదు మేడమ్. మంచి అచ్చు తీసి, సంతకం పెట్టి పంపిస్తా."

ప్రభాకర్ సార్ జోయెల్ వైపు చూశారు. జోయెల్ మైకు వైపు చూశాడు.

ఇంటికొచ్చాక అరిచాడు. "అందరి ముందట పరువు తీసినవ్. నోరు మూసుకొని ఉంటే నీకేం పోయేది?" నేను మంచం కింద నుంచి పెట్టె లాగి మూత తెరిచాను. పుల్లమ్మవ్వ బొమ్మ వేపాకుల మధ్య భద్రంగా ఉంది. పక్కనే నావి. గొడవ విని వచ్చిన అత్తమ్మ వంగి ఒకదాన్నీ ఇంకొకదాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఈమె తల వంచుకున్నది. గీమె ఎత్తింది. నువ్వే ఎత్తినవా?"

"అవ్ అత్తమ్మా."

అత్తమ్మ మూత వేసి, పెట్టెకు ఒకవైపు చెయ్యేసింది. "నడుము పడిపోతది ఒక్కదానికి. యాడ వెడుదాం?"

"వెనక గదిల."

జోయెల్ అడ్డం వచ్చాడు. "అండ్ల నా క్యారమ్ బోర్డు ఉన్నది గదా!"

"మంచం కింద జాగ ఖాళీ అయింది" అన్నాను. "ఆడ వెట్టుకో."