తగ్గిన జాన

ఈశ్వరప్ప మళ్ళీ కొలిచాడు. ఎడమచేతి బొటనవేలు తొట్టి అంచుకు ఆనించి, చిటికెనవేలు చాపి, జాన పక్కన జాన వేసుకుంటూ చివరిదాకా పోయాడు. ఎనిమిది. పొద్దున్నుంచీ ఎనిమిదే వస్తోంది. బండికి కావలసింది తొమ్మిది.

బండి జయరాందే. వాళ్ళ నాయన కొన్న పాత పికప్. ముందు భాగం ఇంకా గట్టిగానే ఉంది గానీ, వెనక తొట్టి తుప్పు తినేసి అడుగు ఊడిపోయింది. అలాంటి తొట్టి ఇప్పుడు ఎక్కడా దొరకదు. వేరే రకం బండిది ఒకటి యాడికిలో, ఈశ్వరప్ప వాళ్ళ అన్న బసప్ప నడిపే పాత ఇనుము అంగట్లో దొరికింది. తొమ్మిది జానలుందని బసప్ప ఫోన్లో చెప్పాడు. పంపమన్నాడు ఈశ్వరప్ప. అది నిన్న లారీలో వచ్చి దిగింది.

"ఏమన్నా, ఎన్నిసార్లు కొలిస్తే పెరుగుతాదది?" అన్నాడు జయరాం, పాత టైరు మీద కూర్చుని బీడీ ముట్టిస్తూ. "రేపు గడ్డికి పోకుంటే నా ఎనుములు నన్నే మేస్తాయి."

"నోరు మూసుకోని కూచోప్పా."

బత్తలపల్లెలో రోడ్డు పక్కన రేకుల కొట్టం ఈశ్వరప్పది. అతని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వెల్డింగు రవ్వలకు చిల్లులు పడిన చొక్కా, చెవి వెనక సుద్దముక్క, పిల్లలు లేరనే మాట ఎన్నడూ ఎత్తని భార్య నాగలక్ష్మమ్మ. ఏడాదికోసారి కదిరి తేరు చూసొస్తాడు. ఒక్కచోట కూర్చోలేడు, అన్నం కూడా నిలబడే తింటాడు. గర్వపడేది ఒక్క దానికే, చేతి కొలతకు. వాళ్ళ నాయన సుంకప్ప కమ్మరి. అన్నదమ్ములిద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి చూసేవాడు. ఇద్దరి జానా ఒకటే అయిన రోజు, "ఇంక మీరు ఒకరి మాట మీద ఒకరు ఇనుము కోయొచ్చురా" అన్నాడు. అప్పటినుంచీ అలాగే కోస్తున్నారు. అన్న అక్కడ కొలిచి చెబితే తమ్ముడు ఇక్కడ కోసేస్తాడు. ఒక్కసారి కూడా తేడా రాలేదు.

అందుకే అంత మంట. చేతిలోని పానా విసిరికొట్టి, రోడ్డు దాటి త్రివేణి నడిపే ఎస్టీడీ బూతుకు పోయాడు. బసప్ప ఇంటి పక్కన శ్రీరంగప్ప చిల్లరంగడికి ఫోను చేస్తే, ఆయన అన్నను పిలుచుకొచ్చాడు.

"నువ్వే కొలిచినావా, ఇంగెవరన్నా కొలిచినారా?"

"నేనే కొలిచినారా."

"జాన తగ్గిందే!"

అవతల బసప్ప నవ్వాడు. "నీ చెయ్యి పెరిగిండాదేమోలే, ఈశ్వరా."

"నవ్వులాటగా ఉండాదా నీకు? చేతగాకుంటే చేతగాదని చెప్పు. ఇంగ నీ కొలత నాకొద్దు." ఫోను పెట్టేశాడు.

వచ్చి పని మొదలుపెట్టాడు. తొట్టి బోల్టు రంధ్రాలు ఛాసిస్ రంధ్రాలకు ఒక్కటీ కలవలేదు. కొత్తవి వేశాడు. కింద తుమ్మ చెక్కలు పరిచి ఎత్తు సరిచేశాడు. జయరాం, దారిన పోయే ఇద్దరు కలిసి తొట్టిని ఎత్తి పెట్టారు. క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య జానెడు సందు పళ్ళు ఊడిన నోరులా ఉంది. అందులో స్టెప్నీ టైరు నిలబెట్టేందుకు కమ్మీ వంచితే జయరాం సంబరపడ్డాడు. ఈశ్వరప్పకు మాత్రం స్థిమితం లేదు. బీడీ ముట్టించి పారేశాడు. నాగలక్ష్మమ్మ తెచ్చిన సద్ది రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాడు.

"అన్ననట్ల అనొచ్చునా?" అంది ఆమె, జరిగింది విని.

"తప్పు కొలిచింది ఆయప్ప. మాటలు నాకా?"

అన్నాడే గానీ మనసు ఒప్పుకోలేదు. బసప్ప తప్పు కొలవడు. కోపంలో తానే ఏదో అనేశాడు, సాయంత్రం మళ్ళీ ఫోను చేసి సర్దుకోవాలి. ఆ ధ్యాసలోనే సుత్తి ఎత్తాడు. దెబ్బ బోల్టు మీద కాక ఎడమ బొటనవేలి మీద పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి. వేలు క్షణాల్లో వంకాయలా ఉబ్బింది.

వెనక తలుపు కోసం తొట్టి నిడివి మరోసారి చూసుకోవాల్సి వచ్చింది. వేలు పూర్తిగా చాచలేకపోయాడు. అలవాటుగా ఆ చేత్తోనే, వచ్చినంత చాచి, పళ్ళు బిగబట్టి కొలుచుకుంటూ పోయాడు. తొమ్మిది వచ్చింది.

ఈశ్వరప్ప అక్కడే ఆగిపోయాడు. తన చేతిని చూసుకున్నాడు. అన్న తప్పు కొలవలేదు. అన్న చెయ్యి తెరుచుకోవడం లేదు. ఎన్నాళ్ళ నుంచో! లారీలు చూసుకోకుండా రోడ్డు దాటాడు.

"త్రివేణీ, యాడికికి కలుపమ్మా, బిరీన!"

ఎత్తింది శ్రీరంగప్ప. "ఈశ్వరప్పా, నీకే చేస్తాంటి, కలవల్యా. మీ అన్న పోయినాడప్పా. అన్నం తిని మంచం మీద వాలినాడు, లేయల్యా."

బోల్టులు సగం బిగించిన ఆ బండినే జయరాం తీశాడు. నాగలక్ష్మమ్మ ముందు కూర్చుంది. ఈశ్వరప్ప తొట్టిలో నిలబడ్డాడు. మూడేళ్ళుగా వాన చూడని చేలు రెండు పక్కలా ఎర్రగా వెనక్కి పోతున్నాయి. తొట్టి దారి పొడుగునా ఎగిరెగిరి పడింది. ఏడవడానికి కూడా కుదురుగా నిలబడలేకపోయాడు.

పొద్దు వాలే వేళకు చేరారు. బసప్పను అరుగు మీద పడుకోబెట్టారు. రెండు చేతుల వేళ్ళూ సగం ముడుచుకునే ఉన్నాయి.

"వేళ్ళు బిగుసుకోబట్టి రెండేండ్లాయ, ఈ మద్దెన శానా ఎక్కువాయ," అంది వదిన వెంకటలక్ష్మమ్మ. "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. 'తెలిస్తే నా కొలత తీసుకోడు వాడు' అనె."

"వద్దన్నా గదా వదినా! పొద్దున నేనే వద్దన్నా గదా!" ఈశ్వరప్ప స్తంభం పట్టుకుని కూలబడి భోరుమన్నాడు.

బట్టలు తీస్తూ వదిన బసప్ప చొక్కా జేబులో ఉన్నది అతని ముందు పెట్టింది. కొత్త కొలత టేపు. ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు, మూలన మాత్రం పంటిగాట్లున్నాయి.